దేవుడి దయ సాలు

నెల్లిమర్లలో జూటు మిల్లు కూత వేస్తే చుట్టుపక్కల ఊళ్లు పనుల్లోకి దిగే రోజులవి. ఆ కూతకు దీటైన గొంతు ఆ చుట్టుపక్కల ఇంకొక్కటే ఉండేది, గమలీయేలు అయ్యగారిది. క్రైస్తవుల పాకగుడిలో ఆయన ప్రసంగం మొదలుపెడితే ఏటిగట్టున మేసే గేదెలు తల తిప్పి చూసేవని జనం చెప్పుకునేవారు.

పుట్టినప్పుడు ఆయన గంగులు, మెట్ట దున్నుకునే రైతు కొడుకు. బైబిలు బడికని దిగువ జిల్లాలకు వెళ్లి, పేరుతోపాటు నాలుక కూడా మార్చుకొచ్చాడు. అక్కడ మొదటిరోజే "సెప్పండి" అన్నందుకు తోటివాళ్లు పడీపడీ నవ్వారు. ఆ నవ్వు ఆయన చెవిలోంచి ఎన్నటికీ పోలేదు. తిరిగొచ్చాక కన్నతల్లితో సైతం "చెప్పుము" అనే మాట్లాడాడు. "మా గంగులు కలెక్టరైపోనాడు" అని ఆ తల్లి సంబరపడిందో కుమిలిందో ఆయన అడగనూ లేదు.

సంఘానికి ఆయనంటే గౌరవమే. ప్రసంగంలో ఏం విన్నావని ఎవరైనా అడిగితే మాత్రం ముసలి జగ్గమ్మ, "ఏటో, గొప్పగా సెప్పినారు" అనేది. మిగతావాళ్లకూ అంతకుమించి తెలిసేది కాదు.

పంతొమ్మిదొందల అరవై ఎనిమిదిలో, ఊడ్పుల వేళ, ఆయనకు పక్షవాతం కొట్టింది. మూతి ఒక పక్కకు లాగింది, కుడికాలు ఈడుస్తూ నడవాల్సి వచ్చింది. నెమ్మదిగా మాట తిరిగొచ్చింది గాని "చ" మాత్రం రాలేదు. ఎంత ప్రయత్నించినా "స" అనే పలికేది. ఏళ్ల తరబడి తరిమిన కుక్క మళ్లీ గుమ్మంలోకొచ్చి కూర్చున్నట్టయింది ఆయనకు.

సంఘాలమీద పెద్ద జగన్నాధంగారు విజయనగరం నుంచి వచ్చి చూశారు. "ఈ ఆదివారం నేనూ వచ్చి కూర్చుంటాను. నువ్వు నిలబడి చెప్పగలిగితే సరేసరి. లేదంటే ఇంకొకర్ని పంపిస్తాను, విశ్రాంతి తీసుకుందువుగాని" అన్నారు. జాలిగానే అన్నారు. ఆ జాలికే ఆయన ఎక్కువ భయపడ్డాడు. ప్రసంగం లేని గమలీయేలు ఎవరో ఆయనకే తెలియదు.

మంచంమీద పడుకొని "చ" లేని మాటలు ఏరుకున్నాడు. చెయ్యి బదులు హస్తం, చావు బదులు మరణం, చూపు బదులు దృష్టి. "చాలు" దగ్గర తెగ ఆలోచించి "పర్యాప్తము" పట్టుకున్నాడు.

భార్య నీలవేణి ఇదంతా చూస్తూనే ఉంది. "మరి అన్నంలోకి సారు పొయ్యమని అడగాలంటే ఏటి సేస్తారు?" అంది.

"తాగను" అన్నాడాయన.

ఆదివారం కాలు లేవక వేదిక ఎక్కలేకపోయాడు. కిందే, ఆడవాళ్ల చాపల పక్కన, గుంజ పట్టుకొని నిలబడ్డాడు. ఏరుకున్న మాటలతో కాసేపు బండి నడిచింది. అంతలో "పర్యాప్తము" వచ్చింది. నాలుక మడతపడింది. ఒకసారి, రెండుసార్లు, మూడోసారీ అంతే. జగన్నాధంగారు తల దించుకున్నారు. గమలీయేలు ఇక దిక్కులేక, "దేవుడి దయ... సాలు" అనేశాడు.

నవ్వుతారనుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన నోట "చాలును" తప్ప వినని జగ్గమ్మ, అయ్యగారు నాగటిసాలు గురించే చెబుతున్నారనుకుంది.

"నిజమే బాబూ. గట్టుమీద ఏటుంటాది? సాలులోనే గదా నీరు నిలుస్తాది" అంది.

అది కాదమ్మా అని దిద్దబోయాడు. వెనకటి గమలీయేలైతే దిద్దేవాడే. కానీ నోరు తెరిచేసరికి తడిమట్టి వాసన తగిలింది. నాగలి వెనక నడిచే అయ్య, ఆ వెనకే గింజలు జార్చుకుంటూ తను, పొద్దెక్కాక అంబలి ముంత నెత్తిన పెట్టుకొచ్చే అమ్మ. ఎంత హాయిగా ఉండేవి ఆ పొద్దులు. వాటిని ఎందుకు దాచిపెట్టుకున్నానా అని ఆయనకు ఏడుపొచ్చింది.

"మా అయ్య సెప్పీవోడు" అన్నాడు. "ఒరే గంగులూ, సాలు లోతుగా తియ్యి. పైపైన గీస్తే వాన వస్తాది, పోతాది అని. ఇన్నాళ్లూ నేను గట్టుమీదే నిలుసున్నాను. దేవుడు నన్ను కిందకి దింపినాడు. దయ ఇక్కడున్నాది."

మరి కొన్ని మాటలే చెప్పగలిగాడు. గొంతు కూతకు దీటుగా లేదు, గేదెలేవీ తల తిప్పలేదు. జనం మాత్రం ముందుకు జరిగి కూర్చున్నారు.

కూటం ముగిశాక జగ్గమ్మ ఆయన పక్కన చతికిలబడి, కొడుకు అలిగి ఇల్లొదిలి పోయాడని, ఏడాదిగా కబురు లేదని చెప్పి కళ్లొత్తుకుంది.

"ఏడాదై నాకు సెప్పలేదేటి?" అన్నాడాయన.

"మీతో ఏ మాటల్లో సెప్పాల బాబూ?"

ఆయన ఆమె చెయ్యి పట్టుకొని చాపమీదే కూర్చుండిపోయాడు.

జగన్నాధంగారు చెప్పులు వేసుకుంటూ గుమ్మం దగ్గర ఆగారు. "వచ్చే ఆదివారానికి ఎవర్ని చెప్పమందాం?" అన్నారు మెల్లగా.

గంగులు వంకర మూతితో నవ్వాడు.

"నేనే సెప్తాను."