అట్టపెట్టె మీద అక్క మందు

తమ్ముడు మందుల అట్టపెట్టెలు అచ్చువేసే ప్రెస్సులో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాడు. రంగు వెంట్రుకవాసి పక్కకు జరిగినా పసిగట్టే కళ్లు అతనివి. అక్షరాల జోలికి మాత్రం పోడు. ఆ మధ్యాహ్నం యంత్రం నుంచి వచ్చిన మొదటి కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. నీలం సరిగానే పడింది. ఎన్నడూ లేనిది, అందులో ఉన్న మందు పేరు మీద చూపు ఆగిపోయింది.

అది అక్క మందు! రక్త కేన్సర్‌కు రెండేళ్లుగా ఆమె వాడుతున్న బిళ్ల. కంపెనీ మాత్రం వేరు. డబ్బా అయిపోయినప్పుడల్లా దుకాణంలో చీటీ ఇచ్చి ఇచ్చి ఆ మందు పేరు అతనికి నోటికొచ్చేసింది.

యంత్రం ఆపేశాడు. యజమాని పరుగున వచ్చాడు.

"ఏమైంది? రంగు తేడా వచ్చిందా?"

"రంగు కాదు సార్! ఇది మా అక్క వేసుకునే మందు. ఇంకో కంపెనీవాళ్లు కూడా చేస్తున్నారా?"

"ఈ మందు చేసే హక్కు ఇన్నాళ్లూ పాత కంపెనీ ఒక్కదానికే ఉంది. ఆ పేటెంటు ఈ నెలతో అయిపోతోంది. ఒకటో తారీఖు నుంచి వీళ్లూ అమ్ముతారు. ధర పదో వంతు కూడా ఉండదట." యజమాని గొంతు తగ్గించాడు. "ముందే బయటికి పొక్కిందంటే నా ఆర్డరు గోవిందా. మీ అక్కకి చెప్పుకో. ఊరంతా టముకు వెయ్యకు."

అక్క కారు నడపడం నేర్పుతుంది. సాయంత్రం ఆఖరి పాఠం అయ్యేసరికి తమ్ముడు రొప్పుతూ ఎదురొచ్చి సంగతి చెప్పాడు.

"పదో వంతుకా? అందులో మందుంటుందా, సున్నముంటుందా?" అంది అక్క.

"అదే మందే! సీసా మారితే నీళ్లతో దాహం తీరదా?"

అక్క మొహం విప్పారింది. "అయితే ఇక రోజూ వేసుకోవచ్చన్నమాట!"

అనేసి నాలుక కరుచుకుంది.

"రోజూనా? మరి ఇన్నాళ్లూ?"

"రోజు విడిచి రోజు వేసుకున్నానురా. నెల డబ్బాని రెండు నెలల డబ్బా అని నీకు చెప్పాను. నీ జీతమంతా నా నోట్లోనే పోస్తుంటే ముద్ద దిగేది కాదు."

తమ్ముడికి కోపం, ఏడుపు ఒక్కసారే తన్నుకొచ్చాయి. మర్నాడే డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాడు.

"పరీక్షల్లో నెగ్గిన మందైతే ఏ కంపెనీదైనా ఒకటే," అంది డాక్టరమ్మ. ఆపైన అక్కను గట్టిగా మందలించింది. "డబ్బాలో దాచుకుంటే ఏ మందూ పనిచెయ్యదు. ఇవాళ్టి నుంచి ఒక్కటీ మానొద్దు. మూడు నెలలకి రక్తం చూద్దాం."

ఇంట్లో మిగిలిన బిళ్లలు నెలాఖరుకు సరిపోయాయి. ఒకటో తారీఖున మందుల దుకాణం తలుపు తీయకముందే తమ్ముడు వాకిట్లో ఉన్నాడు.

"ఇంత పొద్దున్నే! ఎవరికి బాగోలేదు?" అన్నాడు దుకాణదారు.

"బాగవబోతోందండీ, అందుకే వచ్చాను!"

మూడు నెలల తర్వాత అక్క పాఠం చెబుతుండగా డాక్టరమ్మ ఫోను. కారు నేర్చుకుంటున్న బడి పంతులమ్మ చేత పక్కకు ఆపించి ఫోను చెవికి ఆనించుకుంది.

"జబ్బు బ్రహ్మాండంగా తగ్గింది. ఇన్నాళ్లలో ఇంత మంచి రిపోర్టు నీకు రాలేదు. ఆ బిళ్లలే కొనసాగించు."

అక్క రెండు చేతులతో డ్యాష్‌బోర్డును దడదడా వాయించింది. పంతులమ్మ బెదిరిపోయింది.

"నేనేం తప్పు చేశానండీ?"

"ఏం లేదు తల్లీ! కాస్త ఇటు జరుగు. మా తమ్ముడి ప్రెస్సు దాకా ఇవాళ నేను నడుపుతా."