ట్యాంకు అడుగున నీళ్లు

జనరేటరు ట్యాంకు అడుగు కొళాయి తిప్పితే డీజిల్ రాలేదు, నీళ్లొచ్చాయి.

కుసుమ ఖాళీ సెలైన్ సీసాలో పట్టి వెలుతురుకెత్తి చూసింది. తేట నీళ్లు. వాచీ చూసుకుంది. నాలుగూ పది. అయిదింటికి కరెంటు పోతుంది. మొదటి అంతస్తులో డయాలసిస్ వార్డు ఉంది. ఆ వార్డుకు ఆమే టెక్నీషియన్. అక్కడ ఈ నిమిషాన ఎనిమిది మంది రక్తం ఎనిమిది మిషన్లలో తిరుగుతోంది.

"మామా, ఇదేంది?"

పుల్లన్న సీసా చేతికి తీసుకున్నాడు. ప్రొద్దుటూరులోని ఆ ప్రైవేటు ఆస్పత్రిలో పదకొండేళ్లుగా జనరేటరు చూసేది ఆయనే. అయిదింటి కోతకు ముందు ఒకసారి నడిపి చూద్దామని కుసుమ పట్టుబట్టకపోతే ఇంజన్ జోలికి పోయేవాడు కాదు. నడిపితే అది రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

"నీళ్ల మాదిరుండాదే పాపా!"

"మాదిరి కాదు, నీళ్లే."

"పొద్దన గూడా కట్టె పెట్టి సూసినా. నిండా ఉండాది. నా పిల్లోళ్ల మింద ఒట్టు."

తప్పు ఆ కట్టెలోనే ఉంది. సముద్రం మీద నూనె ఓడలు ఆగిపోయి రెండు నెలలైంది. బంకుల్లో డీజిల్ కొలిచి పోస్తున్నారు. అందుకని ఆస్పత్రివాళ్లు వారానికోసారి జనరేటరు నడిపి చూసే పద్ధతి మానేశారు. ఆ మేరకు డీజిల్ మిగులుతుందని వాళ్ల ఆలోచన. దాని బదులు పుల్లన్న రోజూ పొద్దున ట్యాంకులో పొడుగు కట్టె ముంచి, గీత దాకా తడిస్తే నిండుగా ఉందని చెప్పేవాడు. డీజిల్ నీళ్ల మీద తేలుతుంది. కట్టెను పైకి లాగేటప్పుడు ఆ తేలే డీజిల్ దాని పొడుగునా అంటుకుంటుంది. చూసినా, వాసన పట్టినా డీజిలే.

నిన్నటిదాకా ఆస్పత్రి లైనుకు కోత లేదు కాబట్టి సరిపోయింది. ఈ మధ్యాహ్నం కొత్త ఆర్డరు వచ్చింది. పగలంతా జమ్మలమడుగు వైపు సోలార్ పలకలు నెట్టుకొస్తున్నాయి. పొద్దు వాలితే బొగ్గే దిక్కు, ఆ బొగ్గు సగం కూడా రావడం లేదు. అయిదు నుంచి ఎనిమిది దాకా ఆస్పత్రులకూ కోత.

అంబులెన్సు డ్రైవరు జహీర్ పరుగున వచ్చాడు. సీసా చూడగానే అర్థమైపోయింది.

"మామా, నువ్వు ట్యాంకును సూసినావా, దానికి జొరం సూసినావా?"

"నోర్ముయ్! ఊర్లో బండ్లన్నీ నిల్చిపోయినా నీ బండి ఒగటే తిరుగుతాండాది. యాడిది రా నీకు డీజిలు?"

"నా మింద పెడతాండావా? బండి తాళం ఇదో, దిగి సూస్కో. ఎనిమిది లీటర్లుండాయి. అంతే నా ఆస్తి."

"కొట్లాడేది తర్వాత. ముందు నీళ్లు దింపండి" అంది కుసుమ.

దింపారు. బకెట్లకు బకెట్లు నీళ్లే. చివరికి కొళాయిలో రంగు మారింది. రెండు వందల లీటర్ల ట్యాంకులో ఇరవై లీటర్ల డీజిల్ మిగిలింది. జహీర్ ఫిల్టరు విప్పి కడిగి, పైపుల్లో గాలి తీశాడు. ఇంజన్ మళ్లీ దగ్గింది, ఈసారి నిలబడింది. వెంటనే ఆపేశారు.

గంటకు పదిహేను లీటర్లు తాగే ఇంజన్ అది. ఐసీయూ, ఆపరేషన్ థియేటరు కూడా దాని మీదే. వార్డులో ఎనిమిది మిషన్లు తిప్పినా, ఒక్కటే తిప్పినా పెద్ద తేడా రాదు. ఇరవై లీటర్లంటే గంటా ఇరవై నిమిషాలు. ఆరూ ఇరవైకి ఆగిపోతుంది. పేషెంట్లను మిషన్లకు ఎక్కించింది మూడుంబావుకు. దింపాల్సింది ఏడుంబావుకు.

కుసుమ కడపలో ఉన్న డాక్టరుకు ఫోన్ చేసింది.

"బంకులో శనివారం దాకా స్టాకు లేదమ్మా, కనుక్కున్నా. ఆరింటికి అందరికీ రక్తం వెనక్కిచ్చి దింపెయ్. గంట తక్కువైతే ఎవరికీ ప్రాణం పోదు."

"వనజమ్మకు, సార్?"

వనజమ్మ సోమవారం రాలేదు. పులివెందుల నుంచి ఆ రోజు బస్సు కదల్లేదు. వారం రోజుల నీరు ఊపిరితిత్తుల్లో నిలిచి, ఈ మధ్యాహ్నం ఆమె మెట్లెక్కలేకపోతే కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు.

"ఆమెకు నాలుగు గంటలూ పడాల్సిందే. లేకపోతే ఈ వచ్చే సోమవారానికి..." డాక్టరు ఆ మాట పూర్తి చెయ్యలేదు. "ఏమన్నా చూడమ్మా."

"అక్కా, నా బండిలోది లాగేస్తా. ఇంగో అర్ధ గంట వస్తాది గదా" అన్నాడు జహీర్. పైపు తెచ్చి బండి ట్యాంకు మూత తిప్పుతుండగా అతని ఫోన్ మోగింది. విన్నాడు. మొహం మారిపోయింది.

"జమ్మలమడుగులో కాన్పు కేసు. రక్తం పోతాండాదంట. ఆడ ఏ బండీ ల్యాదంట."

మూత చేతిలో పట్టుకుని కుసుమ వైపు చూశాడు. వద్దనమని అడుగుతున్నాడో, పొమ్మనమని అడుగుతున్నాడో అతనికే తెలిసినట్టు లేదు.

"పో" అంది కుసుమ.

అంబులెన్సు గేటు దాటింది. టైము నాలుగూ నలభై.

పుల్లన్న మెట్ల మీద కూలబడ్డాడు. "నా పని అయిపోయింది. నన్నే పట్టుకుంటారు."

కుసుమకు ఆ మాట సరిగా వినపడలేదు. నూట ఎనభై లీటర్ల డీజిల్ ఒక్క రోజులో పోదు. కొంచెం కొంచెంగా పోయి ఉండాలి. తీసిన ప్రతిసారీ అంత నీళ్లు పోసి ఉండాలి. ఆ నీళ్లు ఏ నీళ్లు?

కోటు జేబులోంచి టీడీఎస్ మీటరు తీసింది. నీళ్లలో ఎంత ఉప్పు కరిగి ఉందో అంకెలో చూపించే పెన్ను లాంటి పరికరం. డయాలసిస్ నీళ్లను దాంతోనే పరీక్షిస్తుంది. వార్డు శుద్ధి ప్లాంటు నీళ్లకు ఆ అంకె పది దాటదు. ఆస్పత్రి కొళాయిలకు ఆరు వందలు. సీసాలో ముంచింది.

2,180.

"మామా, ఇవి మన ఆస్పత్రి నీళ్లు కాదు. ఎవరో బయటినుంచి తెచ్చి పోసినారు."

"నీళ్లు మోసుకొచ్చి పోస్తారా ఎవురన్నా? ఈడ కొళాయి ఉండంగా?"

"వట్టి క్యాన్‌తో లోపలికొచ్చి, నిండిన క్యాన్‌తో పోతే గేటు కాడ అడుగుతారు. నిండిన క్యాన్‌తో వచ్చి నిండిన క్యాన్‌తోనే పోతే?"

కుసుమ మెట్లు రెండేసి ఎక్కింది. కొత్త పేషెంటు ఎవరొచ్చినా ఇంట్లో తాగే నీళ్లు ఒక సీసాలో తెమ్మంటుంది ఆమె. కొలిచి ఫైలు మొదటి పేజీలో అంకె రాస్తుంది. నలభై రెండు ఫైళ్లు. వేళ్లు గబగబా తిప్పాయి. పెండ్లిమర్రి, 740. వీరపునాయునిపల్లె, 910. బ్రహ్మంగారిమఠం, 680. ఇంకోటి, ఇంకోటి. రెండు వేలు దాటింది ఒకే ఒక్క ఫైలు.

నల్లబండపల్లె, పులివెందుల అవతల. 2,210.

పేషెంటు పేరు చదివి ఆమె ఫైలు మూసి వార్డు వైపు నడిచింది.

వార్డులోకి వెళ్లేసరికి నాలుగూ యాభై ఏడు. చివరి మంచం మీద వనజమ్మ దిండ్లకు ఆనుకుని ఉంది. గంటన్నరకే ఊపిరి కాస్త తేలికైంది. మాటలొస్తున్నాయి.

"ఏం పాపా, మొగం అట్ల పెట్టినావు? నేను పోయినానని ఎవురన్నా చెప్పినారా?"

"నువ్వు యాడికీ పోవు అత్తా."

పక్కన స్టూలు మీద ఆమె మొగుడు ఆదినారాయణ. నల్లబండపల్లెలో పంచాయతీ బోరు నడిపేది ఆయనే. మంచం కింద తువ్వాలు కప్పిన ఇరవై లీటర్ల క్యాను, దాని మీద ఆయన రెండు కాళ్లు. వచ్చిన ప్రతిసారీ ఆ క్యాను ఉంటుంది. టౌను నీళ్లు పడవని ఊరి నుంచి తెచ్చుకుంటానని మొదటి రోజే చెప్పాడు. ఎవరూ మళ్లీ అడగలేదు.

కుసుమ టేబుల్ మీది గ్లాసు అందుకుని ఆయన ముందు చాపింది.

"మామా, దప్పికైతాండాది. మీ ఊరి నీళ్లు ఒక గ్లాసు పొయ్యి."

ఆదినారాయణ గ్లాసు వైపు చూశాడు. కదల్లేదు.

"పొయ్యి మ్యా, పాప అడుగుతాంటే" అంది వనజమ్మ.

"ఉప్పు నీళ్లు. నీకు పడవు పాపా."

"ఎంత ఉప్పో నాకు తెలుసు మామా. ఇప్పుడే కొలిచినా. కింద, జనరేటరు కాడ."

ఆయన కాళ్లు క్యాను మీద బిగుసుకున్నాయి.

అదే సమయానికి ఫ్యాన్లు ఆగాయి. లైట్లు పోయాయి. ఎనిమిది మిషన్లు బ్యాటరీ మీదికి మారి ఒకేసారి కీచుమన్నాయి. ఎవరి కూతురో భయపడి అరిచింది. పది సెకన్లు. ఇరవై. కింద ఇంజన్ దగ్గి, ఆగి, మళ్లీ దగ్గి, అందుకుంది. లైట్లు వెలిగాయి. వార్డంతా ఊపిరి పీల్చుకుంది.

కుసుమ మాత్రం పీల్చుకోలేదు. వంగి, ఆయనకొక్కడికే వినపడేంత గొంతుతో చెప్పింది.

"ఇది ఆరూ ఇరవైకి ఆగిపోతాది. అత్తకు ఏడుంబావు దాకా కావాల. ల్యాకుంటే సోమవారం నువ్వు ఒక్కడివే వస్తావు. ఆ అవసరం గూడా ఉండదు నీకు."

వనజమ్మ మొగుడి మొహం చూసింది. ముప్పై ఏళ్లు చూసిన మొహం. "ఏం జేసినావు?" అంది. "ఏం జేసినావు మ్యా?"

ఆదినారాయణ క్యాను మీదే చూపు పెట్టి మాట్లాడాడు.

"నేనే తీసినా పాపా. పుల్లన్ననేమీ అనాకండి. ఆయప్ప అన్నానికి పోయేది సూసి తీసేవాణ్ణి. దీంతో తొమ్మిది క్యాన్లు. తొమ్మిదితూర్లూ నీళ్లు పోసినా.

మా ఊర్లో మూడొందల మంది ఉంటిమి. బెంగుళూర్లో పనులు నిల్చిపోయి అందరూ పిల్లోళ్లను ఎత్తుకోని వచ్చేసినారు. ఇప్పుడు ఏడొందలు. బోరు ఒగటే. కరెంటు ఉండే రెండు గంటలూ చీనీ తోటల మోటార్లన్నీ ఒగేసారి లేస్తాయి. తోటలోళ్ల బోర్లు పన్నెండొందల అడుగులు దిగినాయి. మా బోరు గాలి కక్కుతాది. కరెంటు పోయి తోటలు నిల్చిపోతే, గంటకో రెండు గంటలకో నీళ్లు మల్లా ఊరుతాయి. అప్పుడు ఇంజను ఎయ్యాల. దానికి డీజిలు యాడిది? అడిగినా. పులివెందుల ఆఫీసుకు నాలుగు తూర్లు పోయి అడిగినా. రాసుకున్యారు.

మంచోణ్ణని చెప్పుకోల్యా. ఆ తోటల్లో నాదీ ఉండాది. నూటిరవై చెట్లు. మొదటి క్యాను ఊరికి పోలే, నా చెట్లకే పోయింది. ఎండిపోతాంటే సూళ్ల్యాకపోతి. రెండోదాన్నుంచి ఊరికి.

ఆస్పత్రి లైను తియ్యరంటే నమ్మినా. ఈడ ట్యాంకు నిండా ఊరికే నిలబడుకోని ఉండాది, ఆడ బిందెలు బోరు కాడ వరస గట్టినాయి అనుకున్యా. మూడింటికి నువ్వొచ్చి, అయిదింటికి కరెంటు పోతాది, భయం ల్యాదు, ట్యాంకు నిండా ఉండాది అన్యావు సూడు, అప్పుడే చెప్పాల్సింది. చెప్తే ఎవురినీ మిషనెక్కియ్యరు గదా. ఈమె రెండు దినాలుగా కూర్చోనే నిద్రపోతాండాది. రెండు గంటలన్నా ఎక్కనీలే అనుకున్యా. తక్కిన ఏడు మందిని తలుసుకోలే. తలుసుకుంటే నోరు తెర్సాల్సొస్తాదని తలుసుకోలే.

దీంట్లో ఇరవై లీటర్ల డీజిలుండాది. ఊర్లో ట్యాంకు నిన్ననే ఆరిపోయింది. ఇది పోకపోతే మూడు దినాలు ఏడొందల మందికి సుక్క ల్యా. మూడింటికాడ్నుంచి ఇదే ఆలోచన చేస్తాండా. ఈమెనా, ఊరా? నువ్వొచ్చి నీళ్లడక్కపోయింటే, ఆ ఇంజను ఆగిపోయేదాకా ఇట్లే కూర్చోనుంటినేమో. వనజా, అది గూడా ఇను. ఊరికి నేనే పోతా. నీళ్లు ఎందుకు రాలేదో నేనే చెప్తా.

ఇదో, కాళ్లు తీసినా. తొందరగా పట్కపో పాపా. మల్లా పెడ్తానేమో."