మేష్టారు చెప్పిన నాలుగోది

ఎనభయ్యారు ఆగస్టు వరదకి మా బావ అమ్మిరాజు కొబ్బరిచెట్టుని పడవలా కట్టేశాడు. నవ్వకండి. యానాంలో ఏటిగట్టున పుట్టినవాళ్లకి ఏది కొట్టుకుపోయేలా ఉన్నా దానికో మోకుతాడు వెయ్యడమే తెలుసు. ఒక కొస చెట్టుకి వేసి, రెండో కొస పాకని నిలబెట్టే నిట్రాడుకి బిగించాడు.

కూతురు రామతులసి పుట్టిననాడు నాటిన చెట్టది. పిల్ల ఆరో ఏట జ్వరంతో పోయింది. చెట్టు మిగిలింది. ఇప్పుడు గోదారి ఒడ్డుని కోసుకుంటూ దాని వేళ్ల కిందికి వచ్చేసింది.

నేను అలవాటుకొద్దీ వేళాకోళానికి దిగాను.

"బావా, బుద్ధుడేమన్నాడు? ఒకటి, దుఃఖం ఉంది. రెండు, దానికి మూలం ఆశ. మూడు, ఆశ పోతే దుఃఖమూ పోద్ది. మోకు వదిలెయ్."

"మొత్తం నాలుగంటావుగా ఎప్పుడూ. నాలుగోదేది?"

చిన్నప్పుడు బడిలో మూడూ చెప్పి, నాలుగోది మర్నాడు చెబుతానన్నారు మా మేష్టారు. ఆ మర్నాడు నా వలలో పడ్డ పులస నన్ను పడవతో సహా భద్రాచలం దాకా లాక్కుపోయింది. తిరిగొచ్చేసరికి పాఠం అయిపోయింది. ఊరందరికీ నేను నవ్వుతూ చెప్పే సంగతిది.

ఒడ్డు పెళ్లగా విరిగింది. చెట్టు ఏటిమీదికి ఒరిగింది. నిట్రాడు కిర్రుమంది. బావ వేసింది లాగేకొద్దీ బిగిసే పడవముడి, ఇక విప్పడానికి రాదు. పాకలోంచి మా చెల్లెలు కామాక్షమ్మ బియ్యం డబ్బా ఎత్తుకుని బయటికొచ్చింది.

"కోసెయ్ బావా, పాక కూడా పోద్ది," అని కత్తి అందించాను.

"నువ్వే కొయ్యి. అన్నీ తెలిసినోడివి గదా."

కత్తి మోకుమీద పెట్టాను. రామతులసి నన్ను అబద్ధాల మావయ్యా అని పిలిచేది. కత్తి వెనక్కి తీశాను.

"వదలాలని నాకూ తెలుసు బావా," అన్నాడు అమ్మిరాజు, మోకు రెండు చేతులా పట్టుకుని. "ఎలా వదలాలో చెప్పు."

"చెప్పన్నయ్యా," అంది కామాక్షమ్మ.

అంత పులసని కల్పించినవాణ్ణి, ఒక్క మాట కల్పించలేకపోయాను. కత్తి పడేసి నేనూ మోకు పట్టుకున్నాను. చెల్లెలు డబ్బా దించి తనూ పట్టింది. నిట్రాడు మా వెనక ఊడొచ్చి పాక కూలింది. అయినా ముగ్గురం వదల్లేదు. చెట్టే మోకుని మా చేతుల్లోంచి లాక్కుపోయింది, అరచేతుల తోలుతో సహా.

వరద తీశాక, మేష్టారు లేరు గనక, ఆయన కొడుకుని అడిగాను. నాలుగోది దారి అట. అందులో మళ్లీ ఎనిమిదున్నాయట. మంచి చూపు, మంచి తలపు, మంచి మాట, ఇంకా ఏవో. కాగితం మీద రాయించుకుని వెళ్లి బావకి చదివి వినిపించాను.

బావ అరచేతుల కట్లు చూసుకున్నాడు.

"మరి ఆ వేళ మోకు వదలడానికి ఇందులో ఎన్నోది అందేది మనకి?"

కాగితం మళ్లీ మొదట్నుంచీ చదివాను.