ప్రేమవిందు కలదు

పేపర్లో వార్త వేయించడం బోయిగూడ జ్ఞానశేఖర్‌కి వెన్నతో పెట్టిన విద్య. ముప్ఫయ్యేళ్లుగా ఆయన చర్చి కార్యదర్శి. క్రిస్మస్ పాటల సభయినా, యువజన కూటమైనా, తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు రాసి పత్రికాఫీసులో ఇచ్చొచ్చాడంటే మర్నాడు ‘నేడు నగరంలో’ శీర్షిక కింద పడాల్సిందే. ఊరందరికీ పిలుపులు రాసే ఆ మనిషి ఇంట్లో మాత్రం నోరు విప్పడు.

కూతురు గ్రేసీ మాదాపూర్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తూ, సెలవురోజుల్లో చిన్న కెమెరాతో నలభై నిమిషాల మూకీ సినిమా తీసింది. ఆదివారం సాయంత్రానికి పద్మారావు నగర్‌లో హాలు బుక్ చేసింది. పాటల్లేవు, మాటల్లేవు, ఎవరొస్తారని తోటి ఉద్యోగులే నవ్వారు.

“కుర్చీలు ఖాళీగుంటే మళ్లీ కెమెరా ముట్టను డాడీ. పేపర్ల జెర వేయించు” అంది. ఆ పిల్ల తండ్రిని ఏదైనా అడిగి ఎన్నేళ్లయిందో.

“మాటల్లేకుండా సినిమా ఏంది?”

“చూస్తే తెలుస్తది.”

ఆదివారం పొద్దున పేపర్ తెరవగానే ఆయన కళ్లద్దాలు సవరించుకుని మళ్లీ చదివాడు. వేళ, చోటు సరిగానే ఉన్నాయి. చివర్న మాత్రం ‘అందరూ ఆహ్వానితులే. అనంతరం ప్రేమవిందు కలదు’ అని పడింది. తప్పు పత్రికది కాదు. చర్చిలో ఏ సభయినా ప్రేమవిందని అందరూ కలిసి భోంచేశాకే ముగుస్తుంది. ముప్ఫయ్యేళ్ల అలవాటు కొద్దీ చెయ్యి ఆ ముక్క కూడా రాసేసింది.

గ్రేసీ ముఖం మాడ్చుకుంది. “ఇగ అందరు అన్నం కోసమే వస్తరు.”

ఆయన భార్య మేబెల్ పక్కింటి సత్యవేణిని అడిగి పెద్ద గిన్నెలు తెచ్చి, బగారన్నానికి బియ్యం కడిగింది.

సాయంత్రానికి హాలు కిటకిటలాడింది. చర్చివాళ్లు, గల్లీవాళ్లు పిల్లాపాపలతో దిగారు. సినిమా మొదలవగానే వెనక నుంచి ఎవరో “మైకు ఖరాబైందా ఏందీ?” అంటే అందరూ నవ్వారు. జ్ఞానశేఖర్ తలదించుకున్నాడు. నవ్వులు ఆగాక గానీ తలెత్తలేదు.

తెర మీద ఒకాయన బల్ల ముందు కూర్చుని రాసుకుంటున్నాడు. భార్య కంచం తెచ్చి పక్కన పెట్టింది. ఆయన చూడలేదు. చల్లారిన కూర వేడిచేసి మళ్లీ తెచ్చింది. ఆయన కాగితం తిప్పి రాస్తూనే ఉన్నాడు. ఆవిడ ఎదురుగా కూర్చుంది, ఏదో చెప్పబోయి ఊరుకుంది.

నటులెవరో గానీ, ఆ బల్ల తన ఇంటిదేనని జ్ఞానశేఖర్ గుర్తుపట్టాడు. సినిమాలోంచి కూతురు మాటలు తీసెయ్యలేదని, అసలు ఆ ఇంట్లోనే మాటల్లేవని అప్పటికి అర్థమైంది. ఇంతమంది ముందు కూర్చుని తన కాపురం చూస్తుంటే సిగ్గుతో చచ్చిపోయాడు.

దీపాలు వెలిగాక భోజనాల వైపు ఎవరూ పరుగెత్తలేదు. ముందు వరుసలో కూర్చున్న వాళ్ల గల్లీ శారదమ్మ కళ్లొత్తుకుంటూ గ్రేసీ చెయ్యి పట్టుకుంది. “మా ఇంట్ల సుత గిట్లనే బిడ్డా. మళ్లొకటి తియ్యి.”

కాసేపటికి జనం వరుస కట్టారు. గిన్నెల దగ్గర మేబెల్ గరిటె పట్టుకుని నిలబడింది. జ్ఞానశేఖర్ ఆ గరిటె అందుకుని, కంచంలో అన్నం పెట్టి, కుర్చీ లాగి ఆమెను కూర్చోబెట్టాడు. తనూ ఎదురుగా కూర్చున్నాడు.

“ఏదో చెప్పబోయి ఊరుకున్నావు కదా మేబెల్. ఇప్పుడు చెప్పు.”

మేబెల్ ఆయన్ని చూసింది, ఆకలితో నిల్చున్న వరుసను చూసింది.

“ముందు వాళ్లకి పెట్టండి” అంది. “నేను చెప్పేది చాలా ఉంది.”