దేనికి లంబం?

చిన్నమేస్త్రీ సొంతంగా పని మొదలుపెట్టినప్పుడు చేతిలో ఉన్నది నలభై వేలు. మొదటి ఒప్పందం వీధి చివర టైలరమ్మకి ఒక గది కట్టిపెట్టడం. ఇటుకెంత, సిమెంటెంత, కూలెంత అన్నీ నోటి లెక్కతో గడగడా చెప్పేసరికి ఆవిడ నోరెళ్లబెట్టింది.

రోజూ పొద్దున్నే తండ్రికి టీ అందించి పనికి పోయేవాడు. పరంజా మీంచి పడ్డప్పట్నుంచీ పెద్దమేస్త్రీకి గోడే నేల. పాదాలు గోడకి ఆనించి, తల గది మధ్యకి పెట్టి నిలబడతాడు. మంచం కూడా గోడకే వేశారు. "బూజు దులపాలి, కాస్త జరుగు" అని భార్య చీపురు ఝళిపిస్తే కిటికీ పక్కకి నడిచేవాడు.

కప్పు వేయడానికి ముందురోజు, వరసిళ్ల గోడల మీదుగా నడుచుకుంటూ కొడుకు పని చూడ్డానికి వచ్చాడు. కొత్త గది బయటి గోడ మీద అడుగుపెట్టి ఆగిపోయాడు.

"ఏరా, పైకి పోయేకొద్దీ పల్లంగా ఉందేమిటి?"

"పల్లమేంటి నాన్నా! మూలమట్టం పెట్టి కట్టాను. రెండు గోడలూ నేలకి లంబం. అంటే ఒకదానికొకటి సమాంతరం. లెక్క తప్పదు."

"మరి నేల?"

"నీళ్లు బయటికి పోవాలని వాలుగా..."

"లంబమంటే నిలువనుకున్నావు. దేనికి లంబమో చూసుకోవద్దూ? వాలిన నేలకి లంబంగా కడితే గోడా వాలుతుంది. రెండూ ఒకవైపే వాలాయి కాబట్టి నీ కంటికి ఆనలేదు. గుండు కట్టిన దారం వదిలి చూశావా?"

"టైమేదీ?"

"అబ్బో, తమరికి ఊపిరాడ్డం లేదు పాపం! కప్పు పడితే ఇది నిలవదురా. ఆవిడ పిల్లలు పడుకునేది దీని కిందే."

"విప్పితే నేను మునుగుతాను. చిల్లిగవ్వ మిగల్లేదు. కప్పు బరువుకి అదే సర్దుకుంటుందిలే."

"ఎలా సర్దుకుంటుందో ఇలా చూడు" అంటూ పెద్దమేస్త్రీ పై అంచు వైపు రెండడుగులు వేశాడు. పచ్చి పూత మీద మడమ జారింది. ఆయన గోడ వెంట పైకి దొర్లుకుంటూ పోయాడు. కొడుకు ఎగిరి పట్టుకోబోయాడు. వేలికి వేలు తగిలింది, అంతే. అంచు దాటాక ఆయనకి కాలు మోపే చోటు లేదు. ఇళ్ల కప్పుల మీదుగా, నేలకి సమాంతరంగా పడిపోతూ వెళ్లాడు.

"నన్ను కాదురా, గోడ చూడు!"

ఆ కేక దూరమై, మనిషి చుక్కంతై, చివరికి అదీ కనబడలేదు. ఎక్కడా నేలని తాకలేదు. ఇక తాకడని చిన్నమేస్త్రీకి అర్థమైంది. అక్కడే చతికిలబడ్డాడు.

టైలరమ్మ పిల్లలిద్దరితో గుమ్మంలోకి వచ్చింది. "కప్పు రేపే కదా, బాబూ? మిషను కూడా సర్దేశాను."

అతను లేచి కళ్లు తుడుచుకున్నాడు. మూలనున్న సమ్మెట అందుకున్నాడు.

"పిల్లల్ని దూరంగా తీసుకుపోండమ్మా" అని సమ్మెట పైకెత్తాడు.