సున్నా మెయిళ్ళు

ఒక్క మెయిల్ కూడా బయటకు పోలేదు. నాలుగు రోజుల్లో పదకొండు వేల ఫైళ్ళు పాత క్లౌడ్ నుంచి కొత్త క్లౌడ్‌కి మారాయి, పోయిన మెయిళ్ళు సున్నా. ఉద్యోగంలో చేరిన ఆరో వారంలోనే నేను ఒక్కదాన్నే చేసిన పని అది. ఆ సున్నాని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను కూడా.

మాది గుంటూరు బైపాస్ పక్కన మిర్చి కోల్డ్ స్టోరేజీ. రైతు తెచ్చిన ప్రతి లాటుకీ ఒక ఫైలు ఉంటుంది. పొద్దున ఆరున్నరకి గదుల టెంపరేచర్ అందులో నమోదవుతుంది, అవగానే ఆ రైతుకి ఒక మెయిల్ దానంతటదే వెళ్తుంది. ఫైళ్ళు కదిలిస్తే కదిలినప్పుడల్లా మెయిల్ పోతుందని, జనం ఫోన్లు హోరెత్తిపోతాయని నేను ముందే పట్టుకున్నాను! మేనేజర్ మాలిక్ గారికి చెబితే టీ తాగుతూ, "రైతులు మెయిల్ చూస్తారా ఆశ్రితా? ఆపెయ్ అమ్మా" అన్నారు. సోమవారం మధ్యాహ్నం అందరికీ ఇంగ్లీషులో చక్కగా ఒక నోటీసు మెయిల్ పంపి, నోటిఫికేషన్లు ఒక్కొక్కటే ఆపుకుంటూ వచ్చాను. ఎంత హాయిగా ఉందో అప్పుడు.

గురువారం పదింటికి లారీ వచ్చింది. అద్దంకి అవతల ఊరి రైతు పిచ్చయ్య, అరవై ఏళ్ళుంటాయి, లారీ దిగాడు. వెనకే మిర్చి యార్డు షావుకారు గుమాస్తా పీరు. మూడొందల పద్దెనిమిదో లాటు, అరవై రెండు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మొత్తం తీసెయ్యమన్నారు. ఫైలు నేను విడుదల చేస్తేగానీ సరుకు గేటు దాటదు కాబట్టి ట్యాబ్ పట్టుకుని వెళ్ళాను.

మొదటి టిక్కీ బయటికి రాగానే పిచ్చయ్య కుట్టు విప్పి మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. తర్వాత గుప్పెడు కాయలు తీశాడు. ఎర్రగా నిగనిగలాడుతున్నాయి.

"చల్లగానే ఉన్నాయే" అన్నాడు.

"చల్లగా ఉండక కాలతాయా బాబాయ్, కోల్డు కదా!" అని నవ్వాడు తలుపు దగ్గరి హమాలీ వెంకయ్య.

"మరి గంట మోగలేదేం?"

ఏం గంటండీ అని నేనే అడిగాను. ఫోను తీసి చూపించాడు. నాకు ముందు ఈ సీట్లో ఉన్న సాల్మన్ అందులో మెయిల్ పెట్టి, మెయిల్ రాగానే గుడిగంట మోగేలా చేశాడట. చదవక్కర్లేదు, పొద్దున్నే గంట మోగిందంటే నీ సరుకు చల్లగా ఉన్నట్టే అన్నాడట.

"సోమారం మజ్జానం వేళగాని వేళ మోగిందమ్మా. మర్నాటి నుంచీ అసలు మోగలా. మా పిల్లోడు కోటేశ్వరేమో మిషన్లు పోయినయ్యి, కాయ తెల్లబడిపోద్ది, మొన్న ఎక్కడో కోల్డు తగలబడలా అని ఒకటే గోల. ఇక్కడికి ఫోన్ చేస్తే ఎత్తినోడు లేడు. నిన్న మాపిటేల వీళ్ళ షావుకారికి చెప్పా, ఎట్టుంటే అట్టా, ఎంతకైనా ఎత్తుకుపొమ్మని."

పని చెడుతుందని మూడు రోజులుగా ఆఫీసు ఫోను రిసీవరు తీసి పక్కన పెట్టింది నేనే.

"మెయిళ్ళు ఆపింది నేనేనండీ" అన్నాను. "నోటీసు కూడా పంపాను."

"అదేనా సోమారం మోగింది?"

"అవునండీ."

"ఓహో" అన్నాడు.

మాలిక్ గారు బయటికొచ్చారు. "ఇంకా ఒక్క టిక్కీయేగా దిగింది. లోపల పెట్టించెయ్ పిచ్చయ్యా. శ్రావణం దాకా ఉంచుతానన్నావుగా."

"అనుకున్నానండి. రేటొస్తే బోరేయిద్దామని. బోరు లేకపోతే వచ్చే ఏడు మిరప పెట్టేదేముంది."

పీరు తల గోక్కున్నాడు. "నా వంక చూడమాక మావా. నేను గుమాస్తాని. మా షావుకారు నీ సరుకు చూపించి అవతల బేరం ఒప్పుకున్నాడు."

"నిన్నెవరన్నార్రా? మాటిచ్చింది నేనైతే!" అని కసిరి, పిచ్చయ్య నావైపు తిరిగాడు. "వదిలెయ్ తల్లీ. పొద్దెక్కితే చల్లటి కాయకి చెమ్మ పడద్ది."

ట్యాబ్ మీద వేలు పెట్టాను. ఆకుపచ్చ గుర్తు వచ్చింది. టిక్కీలన్నీ ఎక్కడానికి నలభై నిమిషాలు పట్టింది. ఘాటుకి హమాలీలు, పీరు, మాలిక్ గారు అందరూ తుమ్ముతున్నారు. నాకు తుమ్ము కూడా రాలేదు.

శుక్రవారం సాయంత్రం పని పూర్తయింది. మాలిక్ గారు మైసూర్‌పాక్ తెప్పించారు. రెండు ముక్కలు తిన్నాను. ఎలా ఉందో గుర్తులేదు.

మెయిళ్ళు మళ్ళీ పెట్టాను. శనివారం పొద్దున ఆరున్నరకి అందరికీ వెళ్ళాయి. ఏడు కాకుండానే ఆఫీసు ఫోను మోగింది. ఈసారి ఎత్తాను.

"పిచ్చయ్యని తల్లీ. గంట మోగింది."

లాటు ఖాళీ అయినా ఆయన పేరు జాబితాలోనే ఉండిపోయింది.

"బాగానే మోగుతుందిలే. ఆపెయ్యమ్మా. మోగేసరికి మా ఆవిడ చేటలో బియ్యం అట్టానే వదిలేసి గొడ్లసావిట్లోకి పోయి కూర్చుంది."

"ఆపేస్తానండీ."

"రేపు మోగదుగా?"

"మోగదండీ."

"మోగకపోతే ఏం కానట్టేగా?"

"ఏం కానట్టేనండీ."

ఫోను పెట్టేశాడు. మూడొందల పద్దెనిమిది వెతికి, ఆయన పేరు పక్కనున్న గుర్తు తీసేశాను. ఖాయమేనా అని అడిగింది కంప్యూటర్. అవును అని నొక్కాను.