వాళ్ళమ్మ పేరు

కాటన్ రిడ్జ్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు పదిహేడేళ్ళుగా హెడ్ కోచ్‌గా పాతుకుపోయిన వెండెల్ హార్గిస్‌ని "గెలుపు రహస్యమేంటి కోచ్?" అని అడగని విలేకరి అలబామాలో లేడు. ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే.

"వాళ్ళమ్మ పేరు గుర్తుపెట్టుకోవాలి."

ఊరంతా ఆ మాటకు మురిసిపోయేది. చొక్కాల మీద కూడా అచ్చేసుకున్నారు. నిజానికి అందులో పెద్ద గుట్టేమీ లేదు. కొత్త ఆటగాళ్ళ కోసం ఇళ్ళకు వెళ్ళినప్పుడు తక్కిన కోచ్‌లు కుర్రాడి భుజాలూ పిక్కలూ చూస్తుంటే, హార్గిస్ తిన్నగా వంటింట్లోకి పోయి పొయ్యి మీద ఏముందో మూత తీసి చూసేవాడు. కడుపునిండా తిని, "అమ్మా, ఈ నాలుగేళ్ళూ మీవాడు నా బిడ్డ" అనేవాడు. ఇంకేముంది, పెద్ద పెద్ద కాలేజీలు నోరు వెళ్ళబెట్టుకుని చూస్తుండగా కుర్రాడు కాటన్ రిడ్జ్‌కి వచ్చేసేవాడు. ఆ మాట అబద్ధమని హార్గిస్ ఏనాడూ అనుకోలేదు. చెప్పేటప్పుడు అది నిజమే మరి!

ఆ నవంబరు శనివారం చివరి ఏడాది కుర్రాళ్ళకు వీడ్కోలు. పేరు పిలవగానే కుర్రాడు హెల్మెట్ చంకన పెట్టుకుని మైదానం మధ్యకు పరుగెత్తుకొచ్చి తల్లి చేతికి పువ్విస్తాడు. కోచ్ ఆ తల్లిని కౌగిలించుకుని చెవిలో ఒక ముక్క చెబుతాడు. నాలుగేళ్ళ కిందట ఆమె వండి పెట్టిన వంటకం పేరుతో సహా! తల్లులు కళ్ళు ఒత్తుకుంటారు, జనం ఈలలు వేస్తారు.

ఇంత జ్ఞాపకశక్తి ఎక్కడిదంటారా? అరచేతిలోని అట్టముక్కది. ఆఫీసులో నోరీన్ అనే పెద్దావిడ ప్రతి ఇంటి వివరం రాసి ఉంచేది. ఆవిడ వేసవిలో ఉద్యోగం మానేసింది. కొత్తమ్మాయి పాత జాబితానే మళ్ళీ రాసి ఇచ్చింది.

"క్విన్సీ మబ్రీ!" అని మైకు అరిచింది.

హార్గిస్ అట్ట చూసుకున్నాడు. తల్లి ఆర్నెట్టా, పీచ్ పళ్ళతో చేసే తీపి వంటకం పీచ్ కాబ్లర్. క్విన్సీ ఇచ్చిన పువ్వు పట్టుకుని నిలబడిన ఆవిడని రెండు చేతులా చుట్టేశాడు.

"ఆర్నెట్టా గారూ! ఆ పీచ్ కాబ్లర్ రుచి ఇంకా నా నాలుక మీదే ఉందండీ!"

ఆవిడ బిగుసుకుపోయింది.

"నేను వెర్లీన్‌నండీ, క్విన్సీ పెద్దమ్మని. ఆర్నెట్టా ఏప్రిల్లో పోయింది కదండీ."

హార్గిస్‌కి తల తీసేసినట్టయింది. ఆవిడ మాత్రం ఆయన చెయ్యి పట్టుకుంది.

"పోన్లెండి, మేమిద్దరం ఒక్కలాగే ఉంటాం, ఈ గోలలో పొరబడ్డారు. మీ ఉత్తరానికి దణ్ణం పెట్టాలనే వచ్చానండీ. చర్చిలో పాస్టర్ గారు చదువుతుంటే కంట తడి పెట్టనివాళ్ళు లేరు. 'మీవాడు నా బిడ్డ, వాడి దుఃఖం నా దుఃఖం' అని రాశారు! ఆ కాగితం మా చెల్లెలి చేతిలో పెట్టే సాగనంపామండీ."

ఏ ఉత్తరం? అప్పుడు గుర్తొచ్చింది. ఏప్రిల్లో ఏదో పాత ఆట వీడియో చూస్తుంటే నోరీన్ గుమ్మంలో నిలబడి, క్విన్సీ పేరెత్తి ఏదో చెప్పింది. ఆయన తల తిప్పలేదు. "సరే సరే, నా పేరు మీద ఏదో ఒకటి రాసి పంపించెయ్" అన్నాడు. సంతకం ముద్ర ఆవిడ దగ్గరే ఉండేది.

ఆ వెంటనే రెండో సంగతీ గుర్తొచ్చింది. రాకపోయినా బాగుండేది.

ఆ ఏప్రిల్లోనే ఒక సోమవారం సాధనకు క్విన్సీ రాలేదు. మంగళవారం వచ్చాడు.

"నిన్న ఎక్కడ తగలడ్డావురా?"

"ఇంటికెళ్ళాను కోచ్. మా అమ్మ... మీకు తెలుసుగా..."

"అమ్మల కథలు నాకు చెప్పకు. సాకులు ఓడిపోయేవాళ్ళకి. ఎక్కు మెట్లు! ఇరవై సార్లు!"

పాపం, ముందురోజే చర్చిలో ఆ ఉత్తరం విన్న పిల్లాడు! కోచ్‌కి తెలుసనుకున్నాడు. ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి, మారు మాట్లాడకుండా స్టేడియం మెట్లెక్కడం మొదలెట్టాడు. పదిహేనోసారి పై వరసలో కూలబడి వాంతి చేసుకున్నాడు. లేచి ఎక్కమని హార్గిస్ ఈల ఊదాడు. పైగా చివర్లో జట్టందరి ముందూ వాడి భుజం తట్టి, "చూశారా, నోరెత్తకుండా ఎక్కాడు. గెలిచేవాడంటే వీడూ!" అన్నాడు.

ఛీ! భూమి చీలితే అందులోకి దూరిపోదామనిపించింది హార్గిస్‌కి. పదిహేడేళ్ళలో వందల అట్టముక్కలు చదివినవాడికి ఎదురుగా నిలబడిన ఒక్క మొహం చదవడం చేతకాలేదు.

ఆట మొదలవడానికి పది నిమిషాలుందనగా డ్రెస్సింగ్ గదిలో క్విన్సీని పక్కకు పిలిచాడు.

"క్విన్సీ, నాకు సిగ్గుగా ఉందిరా. ఆ ఉత్తరం నేను రాయలేదు."

"తెలుసు కోచ్. మెట్లెక్కమన్న ఆ మంగళవారమే తెలిసింది."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"ఏమని చెప్పమంటారు?"

"నేను చెబుతా. ఇప్పుడే వెళ్ళి మీ పెద్దమ్మ కాళ్ళ మీద పడి నిజం చెప్పేస్తా."

క్విన్సీ హెల్మెట్ పట్టీ బిగించుకుంటున్నవాడల్లా ఆగాడు.

"చెబితే మీ బరువు దిగుతుంది కోచ్, ఆవిడకెక్కుతుంది. ఆ కాగితం అమ్మ చేతిలో ఉంది. తవ్వి తీయిస్తారా?"

క్షమాపణ అడిగే దారి కూడా తానే పూడ్చుకున్నాడని హార్గిస్‌కి అర్థమైంది.

"పదండి, టైమైంది" అని క్విన్సీ ముందుకు నడిచాడు.

గెలిచారు. చివరి పరుగు క్విన్సీదే. జనం మైదానంలోకి విరుచుకుపడ్డారు. ఎవరో హార్గిస్ మొహం దగ్గర మైకు పెట్టారు.

"ఈ గెలుపు రహస్యం కూడా పాతదేనా కోచ్?"

హార్గిస్ నోరు తెరిచాడు. నాలుగడుగుల దూరంలో క్విన్సీ హెల్మెట్ తీసి, చెమట తుడుచుకుంటూ ఆయన్నే చూస్తున్నాడు. ఆ చూపులో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

"అది... నాకు తెలీదు" అన్నాడు హార్గిస్.

జనం వేళాకోళమనుకుని ఘొల్లున నవ్వారు. పువ్వు పైకెత్తి ఊపుతూ వెర్లీన్ అందరికంటే ముందు అరిచింది.

"అదేంటి కోచ్, మర్చిపోయారా? వాళ్ళమ్మ పేరు!"

"వాళ్ళమ్మ పేరు! వాళ్ళమ్మ పేరు!" అని స్టేడియమంతా అందుకుంది. హార్గిస్ టోపీ కళ్ళ మీదికి లాక్కుని, అరచేతిలో చెమటకు తడిసిన అట్టముక్కను పిడికిట్లో నలిపేస్తూ, వాళ్ళ అరుపులు ఆగేదాకా అలా తలొంచుకునే నిలబడ్డాడు.